కట్టుబాట్లు – కంపెనీ మార్కులు

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. శాసనాల గురించీ, రాజవంశాల గురించీ వ్రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. ముప్పై ఏడేళ్ళు గుమాస్తాగిరీ చేసిన నాకు బాగా తెలిసినది ముద్ర సంగతి. కాగితం మీద ఆఫీసు ముద్ర పడితే దానికొక విలువ. పడకపోతే అది చిత్తుకాగితం. సరుకు మీద పడే ముద్రకు కూడా అలాంటి చరిత్రే ఉంది. దానిని మనం మార్కు అన్నాం, ఇప్పటి పిల్లలు బ్రాండు అంటున్నారు. ఏది మంచిది, ఏది చెడ్డది, ఎవరికి ఏది తగినది అని చెప్పే పని ఒకప్పుడు ఊరి కట్టుబాటు చేసేది. కట్టుబాటు సడలినకొద్దీ ఆ పనిని మార్కు ఎలా అందిపుచ్చుకొన్నదో నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

నా చిన్నతనం కృష్ణా డెల్టాలోని ఒక గ్రామంలో గడిచింది. 1950లలో మా ఊళ్ళో వస్తువుకు పేరుండేది కాదు, చేసినవాడికి పేరుండేది. నెయ్యి అంటే ఫలానా వారింటి నెయ్యి. కుండ అంటే ఫలానా కుమ్మరి సారె మీది కుండ. చెప్పులు కుట్టినవారికీ, నాగలి చెక్కినవారికీ కళ్ళం దగ్గర మేర కొలిచేవారు గాని ధర మాట వచ్చేది కాదు. పంచె కట్టిన తీరును బట్టి, చీర కట్టును బట్టి మనిషిది ఏ కులమో దూరం నుంచే తెలిసేది. ఎవరి చేతి నీళ్ళు ఎవరు త్రాగాలో, ఎవరు అరుగు మీద కూర్చోవాలో, ఎవరు వాకిట్లోనే నిలబడాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఇందులో ఒక నిశ్చింత ఉన్న మాట నిజమే. ఆ నిశ్చింత ఎవరి నెత్తిన నిలబడి ఉన్నదో మాత్రం ఆ వాకిట్లో నిలబడినవారిని అడగాలి. పాతరోజులే మంచివని మన మిత్రులు కొందరు సభలలో అంటూ ఉంటారు. వారితో నేను ఏకీభవించలేను. పోయినదంతా మేలుకే పోయిందనేవారితోనూ ఏకీభవించలేను.

ఈ ఏర్పాటుకు రైలుబండి మొదటి బీట వేసింది. పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా మాంచెస్టరు మిల్లు బట్ట మన సంతలకు చేరింది. దానిని నేసినవాడు ఎవరో, ఏ సముద్రం అవతల ఉన్నాడో కొనేవాడికి తెలియదు. అందుచేత ఆ వర్తకులు తానుల మీద రంగురంగుల బొమ్మల చీటీలు అంటించి పంపేవారు. లక్ష్మీదేవి, కృష్ణుడు, ఏనుగు, పులి ఇలాంటి బొమ్మలు. చదువు రానివాడు కూడా ఆ బొమ్మ చూసి, పోయినసారి కొన్నది ఇదే అని పోల్చుకొనేవాడు. మనిషిని నమ్మిన చోట బొమ్మను నమ్మడం ఆ విధంగా అలవాటైంది. నమ్మకం ఉన్న చోట దానిని సొమ్ము చేసుకొనే దొంగ కూడా ఉంటాడు గనుక, తప్పుడు మార్కు వేయడం నేరమని 1889లోనే చట్టం చేశారు. ట్రేడ్ మార్కులను నమోదు చేసుకొనే చట్టం మాత్రం 1940 దాకా రాలేదు.

మన తెలుగువారు వేసిన మార్కులలో ముందుగా చెప్పుకోవలసినది అమృతాంజనం. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో దానిని ప్రారంభించారు. మొదట్లో సంగీత సభలలో ఉచితంగా పంచిపెట్టారని ప్రసిద్ధి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనకు సామెత. అయినా తలనొప్పి వస్తే శొంఠి అరగదీసి పట్టు వేయడం ఏ ఇంటి పెద్దావిడకైనా తెలిసిన విద్యే. అయితే ఉద్యోగం కోసం బొంబాయి, మద్రాసు, రంగూన్ చేరి, అద్దె గదిలో ఒంటరిగా ఉన్న గుమాస్తాకు ఆ పెద్దావిడ ఎక్కడ దొరుకుతుంది? పసుపుపచ్చని మందున్న చిన్న సీసా ఆమె స్థానంలోకి వచ్చింది. ఎంత రాయాలో, ఎక్కడ రాయాలో చీటీ మీద ఉంటుంది. ఎవరు రాసుకొంటున్నారని అది అడగదు. ఆ సీసా మీద వచ్చిన ఆదాయం అండగా పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను బొంబాయిలో వారపత్రికగానూ, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగానూ నడిపారు. ఆంధ్రోద్యమానికి ఆ పత్రిక చేసిన సేవ మన పాఠకులకు విదితమే.

మార్కు రాగానే పాత కట్టుబాటు మూటాముల్లె సర్దుకొని వెళ్ళిపోయిందనుకోకూడదు. కొన్నిచోట్ల పాత కట్టుబాటే మార్కు తొడుక్కొని వచ్చింది. బిస్కట్టు అంటే ఎవరెవరో ముట్టిన రొట్టె అని శంకించే రోజులలో, 1898లో ఢిల్లీలో హిందూ బిస్కట్ కంపెనీ అని ఒకటి వెలిసింది. అగ్రకులాలవారి చేతులతోనే చేయిస్తున్నామని చెప్పుకొని అమ్మింది. మన పట్టణాలలో ‘బ్రాహ్మణ కాఫీ హోటల్’ అని బోర్డులు ఉండేవి. రైల్వే స్టేషన్లలో హిందువుల నీళ్ళు, ముస్లిముల నీళ్ళు అని వేరువేరు కుండలు ఉండేవి. దక్షిణాది స్టేషన్ల భోజనశాలలలో బ్రాహ్మణులకు వేరు చోటు ఉండేది. పెరియార్ రామస్వామి ఆందోళన తరువాత 1941లో గాని ఆ ఏర్పాటు పోలేదు. అంటే వంటవాడి కులాన్నే బోర్డు మీద వ్రాసి అమ్మారన్నమాట. ఆ బోర్డులు నిలవలేదు. హోటలు యజమానికి కులం ఎంత ముఖ్యమో గల్లాపెట్టె అంతకంటె ముఖ్యం గదా.

ఖద్దరు సంగతి వేరు. వంటి మీది గుడ్డను బట్టి కులం చెప్పగలిగిన సమాజంలో, అందరూ ఒకే ముతక తెల్లగుడ్డ కట్టాలన్నది గాంధీజీ ఆదేశం. అది గుడ్డ మాత్రమే కాదు, ఒక నియమావళి. వడకాలి, మద్యం మానాలి, అంటరానితనం పాటించకూడదు. 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం, ఇది అసలైన ఖద్దరు అని దుకాణాలకు ధ్రువపత్రాలు ఇచ్చేది. మిల్లులవారు చేతి నూలు కానిదానిని కూడా ఖద్దరు పేరుతో దింపడం వల్ల ఆ అవసరం వచ్చింది. విచిత్రమేమంటే 1934లో, అంటే తెల్లదొరల ప్రభుత్వం ఉండగానే, ఖద్దరు పేరు రక్షణకు కేంద్ర శాసనసభలో ఒక చట్టం చేశారు. చేత వడికి చేత నేసినదానినే ఖద్దరు అనాలని దాని సారాంశం. సత్యాగ్రహుల గుడ్డకు సర్కారు ముద్ర! స్వాతంత్ర్యం వచ్చాక ఖద్దరు కట్టినవారి నియమాలు ఏమైనాయో వ్రాస్తే సంచిక చాలదు.

1950లో రాజ్యాంగం పదిహేడవ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దానికి శిక్షలు నిర్ణయిస్తూ చట్టం వచ్చింది. దుకాణంలోనికి, హోటలులోనికి ఎవరినీ రానీయకుండా ఉండరాదు. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నా, టీ కొట్టు దగ్గర వేరు గ్లాసు చాలా గ్రామాలలో చాలాకాలం కొనసాగింది. ఇక్కడ కంపెనీ సరుకు చేసిన మేలు ఒకటి చెప్పాలి.

1974 ప్రాంతంలో నేను ఒక తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా ఉన్నాను. అక్కడి అటెండరు మాదిగ కుటుంబం నుంచి వచ్చినవాడు. తండ్రి ఊరందరికీ చెప్పులు కుట్టి మేర తీసుకొనేవాడు. అతనికి జీతం బకాయి కొంత వస్తే విజయవాడ వెళ్ళి బాటా దుకాణంలో చెప్పులు కొనుక్కొన్నాడు. బాటా కంపెనీ 1931 నుంచి మన దేశంలో ఉన్నది. బేరం లేదు, తొంభై అయిదు పైసలతో ముగిసే ధర ఒకటి చెప్పుల అడుగున వ్రాసి ఉంటుంది. కలెక్టరుకైనా అటెండరుకైనా అదే. మరునాడు ఆఫీసుకు వచ్చి మాతో ఇలా అన్నాడు: “నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన కింద పీట మీద కూర్చొని నా కాలు చేత్తో పట్టుకొని కొలత తీశాడండి. మా నాయిన ఊరందరి కాళ్ళూ పట్టుకొని కొలిచాడు. మా ఇంట్లో ఒకడి కాలు ఇంకొకడు పట్టుకోవడం ఇదే మొదలండి.”

ఆ చెప్పులు తొడుక్కొని ఊరికి వెళ్ళావా అని మా హెడ్ క్లర్కుగారు అడిగారు. “ఊరి మొదట్లో చేతిలోకి తీసుకొన్నానండి” అన్నాడు. పెద్దవీధిలో చెప్పులతో నడిచే రోజు అతని ఊరికి అప్పటికింకా రాలేదు. కంపెనీ మార్కు దుకాణం గుమ్మం వరకు అతనిని అందరితో సమానం చేసింది. అక్కడి నుంచి అవతల దాని చేతిలో ఏమీ లేదు. మరొక సంగతి కూడా అతనే చెప్పాడు. ఊళ్ళో కుర్రవాళ్ళు టౌను నుంచి కంపెనీ చెప్పులు తెచ్చుకోవడం మొదలుపెట్టాక వాళ్ళ నాయిన దగ్గరకు కొత్త జోళ్ళకు ఎవరూ రావడం లేదట. తెగిన వారు కుట్టించుకోవడానికే వస్తున్నారట. మేర కూడా తగ్గిపోయింది.

ఇక వంటింటికి వద్దాం. నా దృష్టిలో మార్కుల చరిత్రలో అసలైన అధ్యాయం నేతిది. 1937వ సంవత్సరం గుర్తుంచుకోదగినది. ఆ ఏడే డాల్డా బజారులోకి వచ్చింది. ఆ ఏడే వ్యవసాయోత్పత్తుల శ్రేణీకరణ, మార్కు చట్టం వచ్చింది. మనమందరం ఎరిగిన అగ్‌మార్కు దాని సంతానమే. ఒకటి కంపెనీ ముద్ర, ఒకటి సర్కారు ముద్ర. రెండూ ఒకే సందేహానికి జవాబుగా పుట్టాయి. ఈ గిన్నెలో ఉన్నది ఏమిటి?

వేరుశనగ నూనె వంటి నూనెలకు నికెల్ సాయంతో హైడ్రోజన్ పట్టిస్తే అది నెయ్యిలాగా గడ్డకడుతుంది. అదే వనస్పతి. దిగుమతి చేసే డచ్చి వర్తకుల పేరు దాదా; మధ్యలో లీవర్ కంపెనీ ‘ల’కారాన్ని చొప్పించగా డాల్డా అయిందని చెబుతారు. పసుపు డబ్బా, దాని మీద పచ్చని తాటిచెట్టులాంటి చెట్టు. నెయ్యిలో దీనిని కలిపి అమ్మడం వెంటనే మొదలైంది. గాంధీజీ తన పత్రికలో దీనికి వ్యతిరేకంగా వ్రాశారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో వనస్పతిని నిషేధించాలని పార్లమెంటులో బిల్లు కూడా వచ్చింది గాని నెగ్గలేదు. నిషేధానికి బదులు ప్రభుత్వం ఒక చక్కని ఉపాయం చేసింది. వనస్పతిలో నూటికి అయిదు పాళ్ళు నువ్వుల నూనె కలిపి తీరాలని నిబంధన పెట్టింది. ఎందుకంటే నువ్వుల నూనె ఉన్నదానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్త చక్కెర చేర్చి కుదిపితే గులాబీ రంగు తేలుతుంది. నేతిలో ఆ రంగు తేలిందా, వనస్పతి కలిసినట్లే! వేసినవాడికి కనబడని ముద్ర అది. ఫైళ్ళు నడిపినవాడిని గనుక, ఆ నిబంధన వ్రాసిన అధికారి ఎవరో గాని ఆయనకు మనసులోనే నమస్కరిస్తాను.

మా అమ్మ దగ్గర దీనికి వేరే నిబంధనావళి ఉండేది. దేవుడి దీపానికీ, నైవేద్యానికీ, అన్నంలోకీ వెన్న కాచిన నెయ్యే. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వందలకొద్దీ చేసే పిండివంటలకు డాల్డా. ఏ శాస్త్రంలోనూ డాల్డా లేదు. ఏ పురోహితుడూ దానికి విధి చెప్పలేదు. అయినా పది సంవత్సరాలలో ఊళ్ళో ఆడవారందరూ ఒకే రకమైన గీత గీసుకొన్నారు. అందుకు ఆధారం ఆ సీలు వేసిన మూత. “మూత విప్పనిదేనా?” అని మా అమ్మ కొట్టు శెట్టిగారిని కబురు చేసి మరీ అడిగేది. శెట్టిగారి నెయ్యిని ఆమె నమ్మేది కాదు, శెట్టిగారి డబ్బాను నమ్మేది. ఆయన తండ్రి కాలంలో నమ్మకం మనిషి మీద ఉండేది, కొడుకు కాలంలో మూత మీదికి మారింది. ఖాళీ అయిన డబ్బా మాత్రం ఎక్కడెక్కడ సేవ చేసిందో మన తరానికి చెప్పనక్కరలేదు. తులసి మొక్కకు కుండీ అదే, పప్పు కొలతకు పాత్ర అదే, చెంబు దొరకని వేళ చెంబూ అదే.

మూత మీది నమ్మకానికి కూడా ఒకసారి పెద్ద దెబ్బ తగిలింది. దిగుమతి చేసుకొన్న పశువుల కొవ్వును కొందరు వనస్పతిలో కలిపారని 1983లో దేశమంతటా గగ్గోలు పుట్టింది. అప్పుడు నేను పనిచేస్తున్న ఊళ్ళో ఒక పెళ్ళివారు పిండివంటలు మొత్తం పారబోయించి, మళ్ళీ నేతితో చేయించారు. కులం కట్టుబాటు తప్పినవాడికి ప్రాయశ్చిత్తం ఉంది, పెద్దలు చెబుతారు. మార్కు మాట తప్పితే ప్రాయశ్చిత్తం ఎవరు చెప్పాలి? ఆ పెళ్ళిలో ఇంటి పెద్ద పురోహితుడిని అడిగితే ఆయన కూడా, పేపరులో ఏమి వ్రాశారో చూడండి అన్నారు. 2003లో డాల్డా పేరు మరొక కంపెనీకి అమ్ముడుపోయింది. వనస్పతిలో ఉండే ట్రాన్స్ ఫ్యాట్ గుండెకు చేటని తేలగా, 2022 జనవరి నుంచి నూనెలలో, కొవ్వులలో అది నూటికి రెండు పాళ్ళు మించరాదని ప్రభుత్వం నిబంధన పెట్టింది. మా అమ్మ గీసిన గీతకు కారణం వేరు; అయినా అన్నంలోకి డాల్డా వద్దన్న మాట వరకు ఆమెదే నెగ్గింది.

మన ఉద్యోగులకు బదిలీలు తప్పవు గదా. మూడేళ్ళకొకసారి తెలియని ఊరు, తెలియని బజారు. ఎవరి కంది పప్పులో రాళ్ళుండవో, ఎవరి తూకం సరైనదో తెలుసుకొనేసరికి మళ్ళీ బదిలీ ఉత్తర్వు వచ్చేది. అటువంటి మనకు ఐ.ఎస్.ఐ. గుర్తు, అగ్‌మార్కు, ప్యాకెట్టు మీది తూకం బంధువుల వంటివి. భారత ప్రమాణాల సంస్థ 1947 జనవరిలో, స్వాతంత్ర్యానికి ముందే ఏర్పడింది. అది ప్రకటించిన ప్రమాణాలలో మొదటి నెంబరు జాతీయ పతాకానిది. ప్యాకెట్టు మీద తూకం, ధర, తయారీ నెల వ్రాయాలన్న నిబంధనలు 1977లో వచ్చాయి. ఇల్లు మారినప్పుడల్లా మా ఆవిడ మొదట వెదికేది పాత ఊళ్ళో వాడిన టీ పొడి డబ్బాను. అది కనబడితే ఈ ఊళ్ళో బతకవచ్చు అనేది.

ఇంతవరకు చెప్పినదానిలో మార్కు మనకు చేసిన ఉపకారమే ఎక్కువ. ఎవరు చేశారు, ఎవరు తింటున్నారు అనే ప్రశ్నను అది ప్రక్కకు నెట్టింది. కాని అదే మార్కు ఒక చోట మన ఇళ్ళలో పెద్దపీట వేసుకొని కూర్చొన్నది. అది పెళ్ళిమాటల అరుగు.

1961లో రెండు సంగతులు జరిగాయి. వరకట్న నిషేధ చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో 1958లోనే ఒక చట్టం ఉన్నది, 1961లో దేశం మొత్తానికి చేశారు. అదే 1961లో ప్రభుత్వ రంగ సంస్థ అయిన హెచ్.ఎం.టి. జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో చేతి గడియారాల తయారీ ప్రారంభించింది. ఈ రెంటికీ సంబంధం ఉందని ఢిల్లీలో ఎవరూ అనుకొని ఉండరు. పెళ్ళిళ్ళు కుదిర్చిన మనకు తెలుసు.

ఆ చట్టంలో కట్నం కూడదని ఉంది. పెళ్ళి సమయంలో ఇచ్చే నగదు, నగలు, బట్టలు, వస్తువులు కానుకలే అయితే కట్నం కాదని వివరణ కూడా అప్పట్లో ఉండేది. మన పెద్దలు చట్టం చదవకపోయినా వివరణను మాత్రం బాగా చదివారు. నగదు మాట గొంతు తగ్గించి చెప్పడం, వస్తువు మాట గొంతు పెంచి చెప్పడం వచ్చింది. వాచీ, సైకిలు, రేడియో. అంతకుముందు కట్నమంటే పొలం, బంగారం, వంశం చూసి రెండు ఇళ్ళవారూ ఎరిగిన లెక్క. పిల్లవాడు ఇప్పుడు ఎక్కడో పట్నంలో గుమాస్తా, టీచరు, ఓవర్సీరు. అతనికి ఎంత తగునో చెప్పే ఆచారం లేదు. ఆ ఖాళీలోకి కంపెనీ పేరు వచ్చి కూర్చొన్నది. వాచీ అంటే హెచ్.ఎం.టి., రేడియో అంటే మర్ఫీ, సైకిలు అంటే రాలే.

పాత మాటలలో ‘యథాశక్తి’ అని ఒకటి ఉండేది. పిల్ల తండ్రి చేతులు జోడించి, యథాశక్తి ఇచ్చుకొంటాను బావగారూ అంటే, ఆ మాటలో ఎంతో చోటు ఉండేది. పంట పోతే తగ్గేది, ఇద్దరి పరువూ దక్కేది. ఫలానా కంపెనీ వాచీ అన్న మాటలో ఆ చోటు లేదు. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

1978లో నా సెక్షనులోని ఒక సహోద్యోగి కూతురి పెళ్ళికి వెళ్ళాం. రాత్రి ముహూర్తం. హెచ్.ఎం.టి. గడియారాలకు గిరాకీ ఎక్కువ, అడిగిన వెంటనే దొరికేవి కావు. ఆయన వేరొక కంపెనీ గడియారం, ధరలో తక్కువ కానిది, తెచ్చి పళ్ళెంలో పెట్టారు. పెళ్ళికొడుకు మేనమామ దానిని త్రిప్పి చూసి, “ఇదేమిటి బావగారూ, మనం అనుకొన్నది ఇది కాదే?” అన్నారు. కోపంగా అనలేదు. అదే కష్టం, కోపపడితే సముదాయించవచ్చు. నలుగురిలో ఎవరూ మాట్లాడలేదు. మా సహోద్యోగి కండువా భుజాన వేసుకొని మధ్యాహ్నం బస్సుకు విజయవాడ బయలుదేరారు. రాత్రి తొమ్మిదింటికి తిరిగి వచ్చారు. ఎవరో తెలిసినవారి చేతికి ఉన్నదానిని బతిమాలి, ఎక్కువ ఇచ్చి తెచ్చారట. కన్యాదానం వేళకు ఆయన నిలబడలేకపోతుంటే మేము ఇద్దరం ప్రక్కన పట్టుకొన్నాం. మొదట తెచ్చిన గడియారం మంటపంలో పళ్ళెంలోనే ఉంది. అది టైము సరిగ్గానే చూపిస్తున్నది.

1972లో బజాజ్ చేతక్ వచ్చింది. పేరు నమోదు చేసుకొని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఆడపిల్ల పుట్టగానే స్కూటరు బుక్ చేయాలని ఆఫీసులో పరిహాసాలాడుకొనేవాళ్ళం. 1980లలో స్కూటరు రాలేదని, టీవీ రాలేదని కోడళ్ళ ప్రాణాలు పోయిన వార్తలు పత్రికలలో వచ్చాక పరిహాసం ఆగిపోయింది. 1983లో భర్త, అత్తవారు పెట్టే క్రూరత్వానికి, 1986లో వరకట్న మరణానికి శిక్షాస్మృతిలో ప్రత్యేక సెక్షన్లు చేర్చారు. మధ్యలో 1985 అక్టోబరు 2 నుంచి మరొక నిబంధన అమలులోకి వచ్చింది. పెళ్ళిలో వచ్చిన కానుకలన్నింటికీ జాబితా వ్రాయాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం వ్రాసి వధూవరులు సంతకం చేయాలి. ఎంతో చక్కని నమూనా. నా సర్వీసులో ఒక్క పెళ్ళిలోనూ ఆ జాబితా వ్రాయగా చూడలేదు. కంపెనీల పేర్లతో సహా వ్రాసిన జాబితా మాత్రం ప్రతి ఆడపిల్ల తండ్రి జేబులోనూ చూశాను.

హెచ్.ఎం.టి.ని తప్పుపట్టడానికి ఇది వ్రాయలేదు. జనతా అని పేరు పెట్టి సామాన్యుడి చేతికి గడియారం తెచ్చిన సంస్థ అది. మనలో ఎంతమందికి పదవీ విరమణ నాడు శాలువాతో పాటు అదే గడియారం కట్టారో! మన హైదరాబాదు ఆల్విన్ కూడా ఫ్రిజ్‌లతో, తరువాత గడియారాలతో మధ్యతరగతి ఇళ్ళలో చోటు సంపాదించింది. 2016లో హెచ్.ఎం.టి. గడియారాల విభాగాన్ని మూసివేశారు. చేతక్ స్కూటరు తయారీ కూడా ఆగింది. కొన్నేళ్ళ తరువాత ఆ పేరు విద్యుత్ స్కూటరుకు పెట్టారు.

1991 తరువాత మార్కుల సంఖ్య లెక్కకు మించిపోయింది. ఒకప్పుడు పంచెకట్టును చూసి కులం చెప్పినట్లుగా, ఇప్పుడు బూటు మీది గీతను చూసి, ఫోను వెనుక బొమ్మను చూసి తండ్రి జీతం చెబుతున్నారు. మా మనవడు బడికి వేసుకువెళ్ళే బూట్లకు గీత లేదని ఒక సంవత్సరం పేచీ పెట్టాడు. బడిలో దానికి చట్టం లేదు, అయినా శిక్ష ఉంది. పిల్లవాడితో కూర్చునే ముందు తోటివారు అతని కాళ్ళు చూస్తున్నారట. ఆ అటెండరు ఈ మాట వింటే ఏమనేవాడో అనుకొన్నాను.

పాత ప్రశ్న మరొక రూపంలో కూడా తిరిగి వచ్చింది. తినే ప్యాకెట్టు శాకాహారమా, మాంసాహారమా తెలియజేసే రంగు గుర్తు వేయాలన్న నిబంధన 2001 నుంచి అమలులో ఉంది. చతురస్రంలో ఆకుపచ్చ చుక్క అయితే శాకాహారం. మాంసాహారపు గోధుమరంగు చుక్కను ఈ మధ్య త్రిభుజంగా మార్చారు, రంగులు పోల్చుకోలేనివారి సౌకర్యం కోసం. ఎవరు వండారో అది చెప్పదు, ఏమి వండారో చెబుతుంది. ఇది మంచి మార్పే అని నా అభిప్రాయం. అయితే అద్దె ఇంటి ప్రకటనలలో ఆ ఆకుపచ్చ చుక్క చేసే పనిని ‘శాకాహారులకు మాత్రమే’ అన్న మాట చేస్తున్నది. అక్కడ మళ్ళీ అడుగుతున్నది ఏమి తింటారని కాదు, మీరెవరు అనే.

చివరగా బంగారం. ఊరి కంసాలి ఇంటిలోని మనిషి వంటివాడు. కుంపటి ముందు కూర్చొని, ఏ పిల్లకు ఎన్నవ ఏట ఏ నగ చేశాడో నోటికి చెప్పేవాడు. 1963లో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చి, పద్నాలుగు కారట్లకు మించి కొత్త నగ చేయరాదన్నారు. ఎన్నో కంసాలి కుటుంబాలు వీధిన పడ్డాయి. 1968 నాటి నియంత్రణ చట్టాన్ని 1990లో ఎత్తివేశారు గాని, అప్పటికే జనం పట్నం షోరూములకు అలవాటుపడ్డారు. హాల్‌మార్కు 2000లో వచ్చింది, 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ నుంచి ప్రతి నగ మీదా ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండాలి. ఫోనులో ఆ సంఖ్య కొట్టి చూస్తే ఎవరు అమ్మారో, ఎక్కడ పరీక్షించారో, ఎంత స్వచ్ఛమైనదో వస్తుంది. కరిగించి మలిచినవాడి పేరు రాదు. ఏటా నలభై లక్షల లోపు వ్యాపారం చేసేవారికి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. మా వీధి చివర ఒక వృద్ధ కంసాలి ఆ మినహాయింపు కిందికే వస్తాడు. ముక్కుపుడక చేయమని వచ్చినవారు కూడా మొదట 916 ముద్ర వేస్తావా అని అడుగుతున్నారని, వేయలేనంటే వెళ్ళిపోతున్నారని మొన్న చెప్పాడు.